ఫైబర్ పడవలను యాసిడ్‌తో కడగవద్దు

సంపాదకులు గారికి నమస్కారాలు.

గత నెలలో ఒక ఆదివారం ఉదయం సీతానగరం వైపు కృష్ణ ఒడ్డున నడుస్తుండగా, గట్టు మీదికి లాగి బోర్లించిన ఒక ఫైబర్ పడవను ఇద్దరు కుర్రవాళ్ళు శుభ్రం చేస్తూ కనిపించారు. ఒకరు మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను సీసాతోనే పడవ అడుగు మీద ఒంపుతుంటే, ఇంకొకరు ఇనుప తీగల బ్రష్‌తో ఆ చోటును గీకుతున్నారు. చేతులకు తొడుగులు లేవు, కళ్ళకు అద్దాలు లేవు, కాళ్ళకు చెప్పులు కూడా లేవు. యాసిడ్ పడిన చోట ఎండిపోయిన నాచు, గోధుమరంగు మరక ఊడిపోయి కింద తెల్లదనం బయటపడుతుంటే వాళ్ళకు పని బాగా సాగుతున్నట్లే అనిపించి ఉంటుంది. ఆ కడుగు నీళ్ళన్నీ గట్టు మీదుగా జారి నదిలో కలిసిపోయాయి. నేను దగ్గరకు వెళ్ళి పక్కభాగాన్ని అరచేత్తో నిమిరి చూశాను. సుద్దముక్క పట్టుకున్నట్లు చెయ్యంతా తెల్లగా అయింది. మొన దగ్గర, అంటే ఇసుకకు రాసుకునే చోట, పై పూత పూర్తిగా అరిగిపోయి గాజు పీచు అల్లిక కంటికి కనిపిస్తున్నది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా ఫైబర్ పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. నీళ్ళ ట్యాంకులు, బస్సుల ముందుభాగాలు, పడవలు, పార్కుల్లో పిల్లలు తొక్కే హంస బోట్లు వంటివన్నీ నా చేతుల మీదుగా పోయాయి. ఆ కుర్రవాళ్ళను కోప్పడలేదు, ఎందుకంటే ఇది ఇలా చేయకూడదని వాళ్ళకు చెప్పినవారు ఎవరూ లేరు. మన ప్రాంతంలో ఫైబర్ పడవ కొనేవారు ఇంజను గురించి పది ప్రశ్నలు అడుగుతారు గాని పడవ ఒంటి గురించి ఒక్కటీ అడగరు. ఈ నాలుగు మాటలు మీ పత్రిక ద్వారా పడవలు నడుపుకొనే వారికి, వాటిని కడిగే కూలీలకు, ఘాట్ల వద్ద వాటిని పర్యవేక్షించే అధికారులకు చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం దీర్ఘమైనా దయచేసి ప్రచురించగలరు.

ముందుగా ఫైబర్ పడవ ఎలా తయారవుతుందో తెలిస్తే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. చెక్క నావను కట్టిన తరువాత పైన పూత పూస్తారు. ఫైబర్ పడవ విషయంలో వరుస తిరగబడుతుంది. నున్నగా పాలిష్ చేసి మైనం రాసిన అచ్చులో మొట్టమొదట పడేది పై పూతే. దానినే జెల్‌కోట్ అంటాము. అది కొంచెం గట్టిపడిన తరువాత దాని వెనుక గాజు పీచుతో చేసిన పట్టా లాంటి మ్యాట్ పరుస్తూ, తరువాత గట్టిపడే రెజిన్ అనే జిగురు ద్రవంతో తడుపుతూ, గాలి బుడగలు లేకుండా రోలరుతో నొక్కుతూ పొర మీద పొర వేసుకుంటూ పోతాము. అచ్చు నుంచి తీసినప్పుడు పడవకు కనిపించే మెరుపు నిజానికి ఆ అచ్చు మెరుపు. నీటిని, ఎండను అడ్డుకునేది ఆ జెల్‌కోట్ పొర ఒక్కటే, పడవకు బలాన్నిచ్చేది దాని వెనుక ఉన్న గాజు పీచు. మరి ఆ పొర మందం ఎంత? సుమారు అర మిల్లీమీటరు. మన చేతిగోటి మందం అనుకోండి. పడవ బతికినన్నాళ్ళు దానిని కడిగినా, రుద్దినా, పాలిష్ పట్టినా ఆ గోటి మందంలోనుంచే ఖర్చు చేస్తున్నామని గుర్తుంచుకోవాలి. అరిగిన పొర తనంతట తాను తిరిగి రాదు.

ఇప్పుడు యాసిడ్ సంగతి. ఇత్తడి బిందెను, రాగి చెంబును చింతపండుతో తోమి తళతళలాడించడం తరతరాలుగా మన ఇళ్ళలో ఉన్న అలవాటు. పుల్లనిది మురికిని కోస్తుందన్న నమ్మకం అక్కడి నుంచే పడవ దాకా వచ్చిందని నాకు అనిపిస్తుంది. అయితే లోహం మీద పట్టిన చిలుమును తీస్తే కింద కొత్త లోహం మెరుస్తుంది. జెల్‌కోట్ లోహం కాదు, కింద నుంచి కొత్త మెరుపు రావడానికి అక్కడ ఏమీ లేదు. మరుగుదొడ్లకు వాడే హైడ్రోక్లోరిక్ యాసిడ్ మరకను తీసే మాట నిజమే గాని, పడవకు బిగించిన అల్యూమినియం పట్టీలను, మోటారు కింద నీటిలో ఉండే కాలును తినేస్తుంది, స్టీలు బోల్టుల మీద సన్నని గుంటలు పుట్టిస్తుంది. జెల్‌కోట్ అరిగిపోయి గాజు పీచు బయటపడిన చోట యాసిడ్ తగిలితే నష్టం ఇంకా పెద్దది. పడవలకు సాధారణంగా వాడే ఈ-గ్లాస్ రకం పీచు యాసిడ్‌కు తట్టుకోలేదు, బరువు మోస్తున్న స్థితిలో అది పెళుసుబారి తెగిపోతుంది. కాస్టిక్ సోడా కూడా ఇలాంటిదే, అది పీచును పట్టి ఉంచే పాలిస్టర్ రెజిన్‌నే విడగొడుతుంది. ఇనుప బ్రష్ గీతలు చేయడమే కాక, ఆ గీతల్లో ఇనుప రజను వదిలి వెళుతుంది. పది రోజుల్లో అది తుప్పుపట్టి మళ్ళీ గోధుమరంగు చుక్కలు లేస్తాయి, వాటిని తీయడానికి మళ్ళీ యాసిడ్ పోస్తారు. అన్నిటికంటే ప్రమాదకరమైన పని యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ కలిపి వాడటం. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. బోర్లించిన పడవ కింద వంగి పనిచేసే మనిషికి అది ప్రాణాంతకం.

పడవ మెరుపు పోవడానికి అసలు కారణం మురికి కాదు, ఎండ. కోస్తాలో వేసవి ఎండ ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలు జెల్‌కోట్ పైభాగంలోని రెజిన్‌ను నెమ్మదిగా ఛేదిస్తాయి. రెజిన్ విడిపోయాక అందులోని రంగు పొడి వదులై సుద్దలా రాలుతుంది. ముదురు నీలం, ఎరుపు పడవల మీద ఈ తెల్లదనం త్వరగా కనిపిస్తుంది, తెల్ల పడవ మీద అది ఉన్నా మనకు తెలియదు. పడవను బాగుచేయడానికి పూనుకునే ముందు రెండు నిమిషాలు వెచ్చించి ఒక పరీక్ష చేయాలి. నల్ల గుడ్డతో ఒక చోట రుద్దితే ఎంత సుద్ద అంటుతుందో చూడాలి. తరువాత ఆ చోటును నీటితో తడపాలి. తడిగా ఉన్నంతసేపు పాత రంగు నిండుగా కనిపించి, ఆరగానే మళ్ళీ పాలిపోతే జెల్‌కోట్ ఇంకా మిగిలి ఉన్నట్లు, పైన దెబ్బతిన్న పలుచని పొరను తీస్తే మెరుపు తిరిగి వస్తుంది. తడిపినా రంగు మచ్చలు మచ్చలుగానే ఉండి, లోపలి పీచు గీతలు లీలగా కనిపిస్తుంటే పూత అయిపోయినట్లు. అలాంటి పడవను ఎంత రుద్దినా మెరవదు సరికదా, ఉన్నది కూడా పోతుంది. ఈ తేడా చూసుకోకుండా రుద్దుడు మిషన్ ఎత్తుకునే పనివారిని నేను చాలామందిని చూశాను, తొలినాళ్ళలో నేను కూడా ఒక కొత్త పడవ అంచును అలాగే పాడుచేశాను.

కడగడం గురించి ఒక్క మాట ముందుగా చెప్పాలి. నాచు తడిగా ఉన్నప్పుడు వేలితో నెట్టినా ఊడిపోతుంది, ఎండితే రాయిలా పట్టుకుంటుంది. కాబట్టి పడవను ఒడ్డుకు లాగిన గంటలోపే కడగాలి. నేను చూసిన పడవను లాగి రెండు రోజులు ఎండలో వదిలేశారట, అందుకే యాసిడ్ దాకా వెళ్ళారు. కడిగేటప్పుడు మొదట మంచినీళ్ళు ధారాళంగా పోసి ఇసుకను, ఒండ్రును పోనివ్వాలి. ఇసుక ఉండగానే గుడ్డ పెట్టి రుద్దితే అది గరుకు కాగితంతో రుద్దినట్లే అవుతుంది. వరద రోజుల్లో కృష్ణ తెచ్చే ఎర్రటి ఒండ్రు ఎంత మెత్తగా కనిపించినా అందులో సన్నని ఇసుక ఉంటుంది. తరువాత గిన్నెలు తోమే ద్రవాన్ని కొంచెం బకెట్ నీటిలో కలిపి, మెత్తటి ప్లాస్టిక్ కుచ్చు బ్రష్‌తో పైనుంచి కిందికి కడగాలి. కుంకుడు రసమైనా సరిపోతుంది. సబ్బు ఆరిపోకముందే మళ్ళీ మంచినీళ్ళు పోయాలి. సముద్రంలో తిరిగే పడవలకు ఈ మంచినీటి కడుగు ప్రతి వేట తరువాతా అవసరం, ఎందుకంటే ఉప్పు పొడిగా పేరుకుంటే అది కూడా గీతలు పెడుతుంది, బోల్టులను తినేస్తుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత మన తీరంలో ఫైబర్ పడవలు బాగా పెరిగాయి. 2022లో జిల్లాల విభజన జరిగే వరకు గుంటూరు జిల్లాలోనే ఉన్న సూర్యలంక, నిజాంపట్నం తీరాల్లోని మత్స్యకారులకు ఈ సంగతి అనుభవం మీద తెలుసు. నదిలో తిప్పేవారికి మాత్రం ఉప్పు బాధ లేదు కదా అన్న ధీమా వల్ల కడగడమే మరచిపోయే అలవాటు పడింది.

సబ్బుకు లొంగని మరకలు రెండు మూడు రకాలుగా ఉంటాయి. కుళ్ళిన ఆకులు, గుర్రపుడెక్క వంటివి నీటిలో నాని వదిలే గోధుమరంగు, ఇనుప గొలుసుల నుంచి కారే తుప్పు, ఈ రెండింటికీ ఆక్సాలిక్ యాసిడ్ చక్కగా పనిచేస్తుంది. పేరులో యాసిడ్ ఉన్నా ఇది జెల్‌కోట్‌కు హాని చేయని తీరులో మరకను కరిగిస్తుంది. మొజాయిక్ గచ్చు పాలిష్ చేసేవారు వాడే తెల్లటి పొడి ఇదే. లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాములు కలిపి, గుడ్డతో మరక మీద అద్ది, ఆరనివ్వకుండా పది నిమిషాలు ఉంచి, ఆపైన నీళ్ళతో బాగా కడిగేయాలి. ఇది విషపదార్థం కాబట్టి రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. కలిపిన డబ్బా పిల్లలకు అందకూడదు, అది కలిపిన గిన్నెను మళ్ళీ వంటకు వాడకూడదు. బోరు నీటి ఉప్పు వల్ల పట్టిన తెల్లటి గారకు వెనిగర్ చాలు. ఇంజను నూనె, డీజిల్ జిడ్డుకు కొంచెం థిన్నర్ అద్దిన గుడ్డతో ఒకటి రెండు సార్లు తుడిస్తే పోతుంది, థిన్నర్‌ను మాత్రం పడవ మీద పోసి నాననివ్వకూడదు. ఇంతకంటే మరకల గురించి చెప్పేదేమీ లేదు.

మెరుపు తెప్పించడం చేతి ఓపికతో జరిగే పని. మురికి, పాత మైనం పూర్తిగా పోయిన తరువాతనే దీనికి పూనుకోవాలి. సుద్ద కొద్దిగా ఉంటే రబ్బింగ్ కాంపౌండ్ అనే పాలిష్ ముద్ద ఒక్కటే చాలు. బాగా పేరుకుపోయి ఉంటే నీటిలో తడిపి రుద్దే గరుకు కాగితం, అంటే వాటర్ పేపర్‌తో మొదలుపెట్టాలి, దాని నంబరు పెరిగేకొద్దీ కాగితం మెత్తన. ఎప్పుడైనా మెత్తటి నంబరుతోనే, అంటే 1000తో ఒక మూల ప్రయత్నించి చూసి, అది చాలకపోతేనే 800కు, మరీ తప్పకపోతే 600కు దిగాలి. దిగిన తరువాత మళ్ళీ ఒక్కొక్క నంబరూ పైకి వస్తూ 1500 దాకా వెళ్ళాలి. ముందు నంబరు గీతలు పూర్తిగా పోకుండా తరువాతి దానికి వెళితే ఆ గీతలు పాలిష్ పట్టాక ఎండలో స్పష్టంగా బయటపడతాయి. పేపరును చెక్కముక్కకో రబ్బరు ముక్కకో చుట్టి పట్టుకోవాలి, ఉత్త వేళ్ళతో నొక్కితే వేళ్ళ కింద పల్లాలు పడతాయి. తరువాత ఉన్ని ప్యాడ్ ఉన్న బఫింగ్ మిషన్‌తో కాంపౌండ్ పట్టాలి. రెండడుగుల చదరం చొప్పున తీసుకుని, మిషన్‌ను ఒకే చోట నిలపకుండా కదుపుతూ, నిమిషానికి 1,200 నుంచి 1,800 చుట్ల లోపు వేగంలో పనిచేస్తే చాలు. వేగం పెంచితే వేడి పుట్టి జెల్‌కోట్ కాలుతుంది. అంచులు, మూలల వద్ద పూత మొదటి నుంచే పలుచగా ఉంటుంది కనుక అక్కడ మిషన్ పెట్టకుండా చేత్తోనే రుద్దాలి. ఇదంతా నీడలో, పడవ ఒళ్ళు చల్లగా ఉన్నప్పుడు చేయాలి. మన ఊళ్ళలో వేసవిలో అయితే ఉదయం 9 గంటల లోపు, లేదా సాయంత్రం పొద్దువాలిన తరువాత మాత్రమే కుదురుతుంది. మిట్టమధ్యాహ్నం చేస్తే కాంపౌండ్ పెట్టిన మరుక్షణం ఎండి పెచ్చుకడుతుంది.

ఇంత కష్టపడి తెచ్చిన మెరుపును అలాగే ఎండకు వదిలేస్తే కొన్ని నెలల్లో మళ్ళీ పాలిపోతుంది. కార్నౌబా మైనం పలుచగా రెండు పూతలు వేసి, ఆరిన తరువాత మెత్తటి గుడ్డతో తుడవాలి. నీళ్ళు చల్లితే తామరాకు మీది బిందువుల్లా జారిపోవాలి, అలా జారకుండా పరుచుకున్న నాడు మళ్ళీ మైనం పెట్టే రోజు వచ్చిందని లెక్క. మన ఎండకు మూడు నాలుగు నెలలకు ఒకసారి పెట్టవలసి వస్తుంది. మనుషులు కాళ్ళు పెట్టే చెక్కల మీద, మెట్ల మీద, అంచు పట్టీల మీద మాత్రం మైనం ఎన్నడూ రాయవద్దు. తడి కాళ్ళతో ఎక్కే పర్యాటకులు జారి నదిలో పడతారు. కొందరు కార్ల డ్యాష్‌బోర్డులకు వాడే సిలికోన్ పాలిష్‌ను పడవకు పట్టిస్తున్నారు. అది వారం రోజులు మెరుస్తుంది గాని, తరువాత ఎప్పుడైనా అక్కడ మరమ్మతు చేయవలసి వస్తే కొత్త పూత దాని మీద నిలవక చేప కన్నుల్లా గుంటలు పడుతుంది. డీజిల్ తడిపిన గుడ్డతో తుడిచే అలవాటు గురించి చెప్పేదేముంది, దుమ్మును రమ్మని పిలవడమే అవుతుంది.

గీతలు, బీటలు, రాళ్ళకు తగిలిన దెబ్బల సంగతి వేరు. సాలెగూడులా సన్నని చీలికలు జెల్‌కోట్‌లో మాత్రమే ఉన్నాయా, లోపలి పీచు దాకా వెళ్ళాయా అన్నది ముందు తేల్చుకోవాలి. సంతలో కుండను కొనేటప్పుడు వేలితో తట్టి చూసినట్లు, రూపాయి బిళ్ళతో ఆ చుట్టుపక్కల తట్టుతూ పోతే గట్టిగా ఉన్నచోట ఖంగుమని, లోపల పొరలు విడిపోయిన చోట బొదబొదమని శబ్దం మారుతుంది. శబ్దం మారితే అది పూత పని కాదు, మ్యాట్ వేసి అతకవలసిన పని. పూత వరకే అయితే చీలికను చిన్న పనిముట్టు మూలతో వి-ఆకారంలో విప్పి, థిన్నర్‌తో తుడిచి, అదే రంగు జెల్‌కోట్ నింపాలి. ఇక్కడ జెల్‌కోట్‌ను గట్టిపరిచే ద్రవమైన హార్డెనర్ కొలత ముఖ్యం, 100 గ్రాముల జెల్‌కోట్‌కు 1 నుంచి 2 గ్రాములు. వేసవిలో తక్కువ వైపు ఉండాలి, లేకపోతే కలుపుతుండగానే డబ్బాలో వేడెక్కి గడ్డకడుతుంది. గట్టిపడటాన్ని వేగవంతం చేసే, ఊదారంగులో ఉండే కోబాల్ట్ ద్రవాన్ని ముందుగా రెజిన్‌లో బాగా కలిపి, ఆ తరువాతనే హార్డెనర్ వేయాలి. కోబాల్ట్‌ను, హార్డెనర్‌ను నేరుగా ఒకదానిలో ఒకటి కలిపితే మంట లేచి పేలిపోతుంది. ఈ రెండు సీసాలను ఒకే అరలో పక్కపక్కన పెట్టే దుకాణాలను, షెడ్లను నేను ఎన్నో చూశాను, ఆ అలవాటు ఈ రోజే మానవలసినది. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు, వెంటనే పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా మంచినీటితో కడుగుతూ ఆసుపత్రికి వెళ్ళాలి. నింపిన జెల్‌కోట్ పైభాగం గాలి తగులుతున్నంతసేపు జిగటగానే ఉంటుంది. దాని మీద పారదర్శకమైన పాలిస్టర్ షీటును బుడగలు లేకుండా పరిచి గట్టిపడనివ్వాలి. ఆపైన 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి పైన చెప్పిన వరుసలోనే సమం చేయాలి.

సంవత్సరాల తరబడి నీటిలోనే కట్టేసి ఉంచిన పడవల అడుగున చర్మం మీద వేడి పొక్కుల్లాంటివి లేస్తాయి. నీరు జెల్‌కోట్ గుండా కొద్దికొద్దిగా ఊరి, లోపలి రెజిన్‌లో కరిగే పదార్థాలతో కలిసి ద్రవమై, ఒత్తిడి పెంచుకుని పూతను పైకి లేపుతుంది. పొడిస్తే వెనిగర్ లాంటి వాసన వస్తుంది, ద్రవం చిమ్ముతుంది కాబట్టి కళ్ళద్దాలు లేకుండా పొడవకూడదు. పొక్కులను విప్పి, మంచినీటితో కడిగి, పడవను వారాల తరబడి బాగా ఆరనివ్వాలి. ఇందుకు మాత్రం మన వేసవి ఒక వరం. పూర్తిగా ఆరిన తరువాత ఎపాక్సీ అనే వేరే రకం రెజిన్‌తో పూడ్చాలి. ఎపాక్సీ పాత పాలిస్టర్ మీద గట్టిగా పట్టుకుంటుంది, ఎపాక్సీ మీద పాలిస్టర్ జెల్‌కోట్ మాత్రం సరిగా పట్టుకోదు. కాబట్టి అలాంటి చోట పైన రెండు భాగాలు కలిపే పాలియూరిథేన్ పెయింటే వేయాలి. పూత పూర్తిగా అయిపోయిన పడవకు కూడా దారి అదే. గోడలకు, గేట్లకు వేసే ఎనామెల్‌ను సుద్ద మీదనే పూసేస్తే ఆ పెయింటు పట్టుకున్నది సుద్దనే గాని పడవను కాదు, మొదటి వానకే పెచ్చులుగా లేస్తుంది.

ఇదంతా ఎక్కడ చేస్తున్నామన్నది కూడా ఆలోచించాలి. విజయవాడ, గుంటూరు నగరాలు రెండూ తాగేది కృష్ణ నీటినే. ప్రకాశం బ్యారేజీ ఎగువన పారక నిలిచి ఉండే నీటి ఒడ్డున యాసిడ్‌ను, కాస్టిక్‌ను, పాలిష్ చేసిన గాజు పొడిని నదిలోకి వదలడం మన చెంబులో మనమే కలుపుకోవడం. ఫైబర్ పొడి మట్టిలోనూ కుళ్ళదు, నీటిలోనూ కరగదు. పడవను గట్టు అవతలికి తీసుకువెళ్ళి, కింద తార్పాలిన్ పరిచి, తడి పేపర్‌తోనే రుద్ది, ఆ మడ్డిని ఆరబెట్టి మూటకట్టి చెత్తలో వేయడం పెద్ద ఖర్చు కాదు. పొడిగా గ్రైండింగ్ చేసేటప్పుడు మామూలు చేతిరుమాలు ముక్కుకు చుట్టుకుంటే సన్నని గాజు ధూళి ఆగదు, తగిన మాస్కు యజమానే కొనివ్వాలి. పాడైన పడవను ఇనుములా కరిగించి మళ్ళీ వాడుకోవడానికి వీలులేదు, తగలబెడితే నల్లటి విషపు పొగ వస్తుంది. అందుకే ఒడ్డున పారేసిన పగిలిన ఫైబర్ పడవలు ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటాయి. ఉన్న పడవ ఆయుష్షు పెంచడమే అన్ని విధాలా మేలైన దారి.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు, అదే సమయంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వీధులు మునిగినప్పుడు, మేడల మీద చిక్కుకున్న వారికి అన్నం పొట్లాలు అందించినవీ, వృద్ధులను, బాలింతలను బయటికి తెచ్చినవీ పడవలే. ఆ పడవలు కనిపించని డివైడర్ల మీద, ప్రహరీగోడల మీద, మునిగిన వాహనాల మీద రాసుకుంటూ తిరిగాయి. నీళ్ళు తీసిన తరువాత వాటి అడుగులు ఏ స్థితిలో ఉన్నాయో ఎందరు తిప్పి చూశారు? గీతల్లో గాజు పీచు బయటపడిన పడవ అప్పటినుంచి ప్రతిరోజూ కొంత నీటిని పీల్చుకుంటూ బరువెక్కుతూ బలహీనపడుతూ ఉంటుంది. మళ్ళీ అవసరం వచ్చిన నాడు అది మోయవలసిన మనుషులను మోయలేకపోవచ్చు. ఈ ఒక్క కారణం చేత ఫైబర్ పడవ పై పూతను నేను సోకుగా చూడలేను.

2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. గతంలో 2016 ఆగస్టులో జరిగినప్పటి అనుభవం మనకు ఉంది. ఆ సమయానికి ఘాట్ల వద్ద తిరిగే ప్రతి పడవకూ హడావుడిగా రంగులు పూస్తారు. ఆ రంగుల కింద చీలికలు, పొక్కులు కప్పబడిపోకముందే చేయవలసిన పని ఒకటుంది. నదిలో ప్రయాణికులను ఎక్కించుకునే పడవలకు అనుమతి ఇచ్చే అధికారులు లైఫ్ జాకెట్లు లెక్కించడంతో పాటు పడవను ఏడాదికి ఒకసారి ఒడ్డున బోర్లించి, అడుగును కడిగి, తట్టి చూసే నియమం పెట్టాలని కోరుతున్నాను. పెయింటు వేయకముందే ఆ పరీక్ష జరగాలి. మన ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో వారం రోజుల శిక్షణ పెడితే ఘాట్ల వద్ద పడవలు కడిగే కుర్రవాళ్ళకు ఇది మంచి చేతిపని అవుతుంది. నాలాంటి పాతపనివారు జీతం అడగకుండానే వచ్చి నేర్పుతారు, నేనైతే తప్పకుండా వస్తాను. పడవ యజమానులను అడిగేది ఇంకా చిన్నది. పని లేని రోజుల్లో పడవ మీద ఒక గుడ్డ పరదా కప్పండి. ప్లాస్టిక్ పట్టా అయితే అంచులు కొంచెం ఎత్తి గాలి ఆడనివ్వండి, లేకపోతే లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది.

నేను మొదట చెప్పిన పడవను ఆ తరువాతి ఆదివారం మళ్ళీ చూశాను. యజమానితో మాట్లాడితే ఆయన ఓపికగా విన్నారు. మొన దగ్గర బయటపడిన పీచును శుభ్రంగా కడిగి, పది రోజులు నీడలో ఆరబెట్టి, ఒక పొర మ్యాట్ వేసి జెల్‌కోట్ పూశాము. ఆ ఇద్దరు కుర్రవాళ్ళే తొడుగులు వేసుకుని పక్కభాగాలను 1000 నంబరు పేపర్‌తో రుద్దారు. ఎడమ పక్క అంతా నీలం తిరిగి వచ్చింది. కుడి పక్కన మధ్యలో రెండడుగుల మేర పూత ఇక మిగల్లేదు, అక్కడ పెయింటు వేయక తప్పదు. వానాకాలం మొదలయ్యేలోపు ఆ పని కూడా పూర్తిచేయాలని అనుకుంటున్నాము.

ఇట్లు,
ఫైబర్ పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పాఠకుడు,
సీతానగరం, గుంటూరు జిల్లా.